చవకా? గిట్టుబాటా? – విద్యార్థికి లాప్‌టాప్ ఎంపిక

ఒకప్పుడు సంక్షేమ హాస్టల్‌లో చేరే విద్యార్థి వెంట వచ్చే సామాను అందరికీ తెలిసిందే. ఒక ట్రంకు పెట్టె, దానికో తాళం, కంచం, గ్లాసు, దుప్పటి, రెండు మూడు జతల బట్టలు. ఇప్పుడు కాలేజీ హాస్టళ్ళలో ఆ పెట్టెలోకి మరో వస్తువు చేరుతోంది. అదే లాప్‌టాప్. ఇంజనీరింగ్, ఎం.సి.ఎ. వారికే కాదు, పాలిటెక్నిక్, బి.కాం., బి.ఎస్సీ. చదివేవారికీ దీని అవసరం పెరిగింది.

అయితే మన ఇళ్ళలో ఇంత ఖరీదైన వస్తువు కొనడం చిన్న విషయం కాదు. దాని వెనుక అమ్మ పాడుకున్న చీటీ డబ్బో, నాన్న పత్తి అమ్మిన డబ్బో, రెండేళ్ళు ముట్టుకోకుండా దాచుకున్న స్కాలర్‌షిప్పో ఉంటుంది. అలా కొన్నది ఆరు నెలల్లో మూలపడితే రెండోది కొనే స్తోమత ఉండదు. ఉన్నవాళ్ళకు అది ఒక నష్టం. మనకు అది ఒక చదువు సంవత్సరం. అందుకే కొనేముందు ఏమి చూడాలో, ఏమి అడగాలో తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ వివరంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ధరలు వారవారం మారుతుంటాయి కనుక ఇక్కడ ధరల పట్టిక ఇవ్వడం లేదు. ఏ ధర దగ్గరైనా పనికివచ్చే కొలతలు ఇస్తున్నాను.

చవక వేరు, గిట్టుబాటు వేరు

రైతుకు గిట్టుబాటు ధర అంటే ఏమిటో మనందరికీ తెలుసు. పెట్టిన పెట్టుబడికి తగిన ఫలితం రావడం. లాప్‌టాప్‌కూ ఇదే లెక్క. ఎంతకు కొన్నామన్నది కాదు, ఎన్నాళ్ళు పనికివచ్చిందన్నది చూడాలి. 18,000 రూపాయలు పెట్టి కొన్నది ఏడాదికే పనికిరాకుండా పోతే నెలకు 1,500 రూపాయలు ఖర్చయినట్లు. 24,000 రూపాయలు పెట్టి కొన్నది నాలుగేళ్ళు నడిస్తే నెలకు 500 రూపాయలే. చూడటానికి మొదటిది చవక. నిజానికి గిట్టుబాటైనది రెండోది.

ఈ పాఠం మన దేశానికి ఒకసారి పెద్దయెత్తున ఎదురైంది. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం 'ఆకాశ్' అనే టాబ్లెట్‌ను ఢిల్లీలో విడుదల చేసింది. డేటావిండ్ కంపెనీది. తయారైంది మన హైదరాబాద్‌లోనే. ధర రెండు వేల మూడు వందల రూపాయల లోపు. ప్రపంచంలోనే అతి చవక టాబ్లెట్ అని అప్పట్లో పేరు వచ్చింది. అయితే అందులో ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎం.బి. ర్యామ్, గట్టిగా నొక్కితేగాని స్పందించని రకం తెర. నెమ్మదిగా నడుస్తోందని, బ్యాటరీ నిలవడం లేదని విమర్శలు వచ్చాయి. ఆలోచన మంచిదే. ధర తగ్గించడానికి కోసిన చోట్లే సరైనవి కావు. ఈనాటికీ అతి చవక లాప్‌టాప్‌లలో జరిగేది ఇదే. ఎక్కడ కోశారో తెలుసుకోగలిగితే మనం మోసపోము.

ముందుగా అవసరం తేల్చుకోవాలి

పక్క గదిలో కొన్నారని కొనవద్దు. మీ కోర్సుకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలో సీనియర్లనూ, అధ్యాపకులనూ అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ మొదటి కొలబద్ద.

బి.ఎ. వంటి కోర్సుల మొదటి సంవత్సరంలో ఫోను, కళాశాల కంప్యూటర్ లాబ్, గ్రంథాలయంతో చాలావరకు గడిచిపోతుంది. ప్రాజెక్టు రిపోర్టులు, కంప్యూటర్ కోర్సులు వచ్చే సంవత్సరం వరకు ఆగవచ్చు. అంతవరకు డబ్బు బ్యాంకులోనే ఉంటుంది.

బి.కాం. వారికి ఎక్సెల్, టాలీ ముఖ్యం. వీటికి 8 జి.బి. ర్యామ్, మామూలు ప్రాసెసర్ చాలు.

కంప్యూటర్ సైన్సు వారికి సి, జావా, పైథాన్ నేర్చుకోవడానికి 8 జి.బి. సరిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో వంటివి వాడితే 8 జి.బి. కనీసం, 16 ఉంటే మంచిది. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవారు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కోసం అప్పు చేయనక్కర్లేదు. గూగుల్ కోలాబ్‌లో ఇంటర్నెట్ ద్వారా పరిమితంగా, ఉచితంగానే ఆ పని చేసుకోవచ్చు.

సివిల్, మెకానికల్ వారికి ఆటోక్యాడ్ వంటివి తప్పవు. ఇవి బరువైన సాఫ్ట్‌వేర్లు. 16 జి.బి. ర్యామ్, మంచి ప్రాసెసర్ చూసుకోవాలి. క్రోమ్‌బుక్ అనే చవక రకం యంత్రాలలో విండోస్ సాఫ్ట్‌వేర్లు నేరుగా నడవవు కాబట్టి టాలీ, ఆటోక్యాడ్ అవసరమైనవారు వాటి జోలికి పోకూడదు.

లోపల ఏముందో చూడాలి

లాప్‌టాప్ లోపలి సంగతి మన హాస్టల్ వంటశాలతో పోల్చి చెబితే సులువుగా అర్థమవుతుంది. ప్రాసెసర్ అంటే వంట మనిషి. ర్యామ్ అంటే కూరగాయలు పరచుకునే బల్ల. స్టోరేజి అంటే బియ్యం, పప్పు ఉంచే స్టోరు గది. వంట మనిషి ఎంత చురుకైనవాడైనా బల్ల ఇరుకైతే, స్టోరు గది తలుపు సరిగా తెరుచుకోకపోతే భోజనం ఆలస్యమే.

1. ప్రాసెసర్: 'ఐ5 ఉంది' అన్నంత మాత్రాన సరిపోదు. ఎన్నో తరానిదో చూడాలి. ఐ5 పక్కన 8250యు అని ఉంటే మొదటి అంకె 8 కాబట్టి ఎనిమిదో తరం. 1135జి7 అని ఉంటే మొదటి రెండు అంకెలు చూడాలి, అది పదకొండో తరం. పాత నాలుగో తరం ఐ5 కన్నా పదకొండో తరం ఐ3 మేలు. అతి చవక కొత్త లాప్‌టాప్‌లలో సెలెరాన్ లేదా దాని తరువాత వచ్చిన ఎన్ సిరీస్ ప్రాసెసర్లు ఉంటాయి. ఇవి టైపింగుకు, వీడియోలు చూడటానికి సరిపోతాయి. బరువైన పనికి ఇబ్బంది పెడతాయి. 2023 చివరి నుంచి ఇంటెల్ 'కోర్ అల్ట్రా' అనే కొత్త పేర్లు మొదలుపెట్టింది. పేరు ఏదైనా పూర్తి నంబరు రాసుకుని, అది ఏ సంవత్సరం విడుదలైందో వెతికి చూడటమే సరైన పద్ధతి.

2. ర్యామ్: ఈరోజుల్లో 4 జి.బి. చాలదు. విండోస్, బ్రౌజర్ కలిసి దాన్ని దాదాపు నింపేస్తాయి. 8 జి.బి. కనీసం. ఇంకో ముఖ్యమైన సంగతి – కొన్నిటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. తరువాత పెంచుకునే వీలుండదు. 'ఖాళీ స్లాటు ఉందా?' అని తప్పక అడగండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో సాధారణంగా కనిపిస్తుంది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను పెద్దయెత్తున కొనడం దానికి ఒక ప్రధాన కారణం. కాబట్టి '4 జి.బి.తో కొని తరువాత పెంచుకుందాం' అనే లెక్క వేసేముందు ఆ రోజు ర్యామ్ ధర కనుక్కోవాలి.

3. స్టోరేజి: ఇక్కడ మూడు రకాలు. పాత హార్డ్ డిస్క్, ఎస్.ఎస్.డి., ఇ.ఎం.ఎం.సి. హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎం.బి. చదివితే, మామూలు సాటా ఎస్.ఎస్.డి. 500 ఎం.బి. వరకు చదువుతుంది. పాత లాప్‌టాప్‌కు కొత్త ప్రాణం పోసేది ఇదే. 64 జి.బి. ఇ.ఎం.ఎం.సి. ఉన్నవాటిని వదిలేయండి. విండోస్, దాని అప్‌డేట్లు ఆ గదిని దాదాపు నింపేస్తాయి. 256 జి.బి. ఎస్.ఎస్.డి. విద్యార్థికి మంచి కొలత.

4. తెర: రోజుకు నాలుగైదు గంటలు చూడవలసింది దీన్నే. 1366×768 తెర మీద ఎక్సెల్ షీటు, ప్రోగ్రాము ఇరుగ్గా కనిపిస్తాయి. 1920×1080 ఉంటే మంచిది. ఐ.పి.ఎస్. రకం తెర పక్క నుంచి చూసినా రంగులు మారవు. నలుగురు చుట్టూ కూర్చుని ఒకే తెర మీద పాఠం వినే మనకు ఇది ఉపయోగం.

5. బ్యాటరీ: పెట్టె మీద '10 గంటలు' అని రాసినదాన్ని పూర్తిగా నమ్మవద్దు. వాట్ అవర్ అనే కొలత చూడాలి. 50 వాట్ అవర్ బ్యాటరీ, 10 వాట్లు వాడుకునే పనిలో సుమారు 5 గంటలు వస్తుంది. గదికి ఒకటి రెండు ప్లగ్ పాయింట్లు మాత్రమే ఉండే హాస్టల్‌లో ఈ లెక్క చాలా అవసరం.

కొత్తదా? వాడినదా?

కొత్తవాటిలో చవకైనది ఒకవైపు, కంపెనీలు వాడి వదిలిన మంచి రకం మరోవైపు. ఇదే చాలామంది ముందు ఉండే ప్రశ్న.

పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కోసం లాప్‌టాప్‌లను వందల సంఖ్యలో కొంటాయి లేదా అద్దెకు తీసుకుంటాయి. మూడు నాలుగేళ్ళకు వాటిని మార్చేస్తాయి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్.పి. ఎలైట్‌బుక్, ప్రోబుక్ వంటివి ఇలా వచ్చేవే. వీటిని శుభ్రం చేసి, పాడైన భాగాలు మార్చి అమ్మితే రీఫర్బిష్డ్ అంటారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అని పిలిచే చోటు, కంప్యూటర్ల వ్యాపారానికి పేరుపొందింది. ఇలాంటి దుకాణాలు ఇతర పట్టణాలలో కూడా ఉన్నాయి.

ఆఫీసు పని కోసం తయారైనవి కాబట్టి వీటి కీబోర్డు, మడత బందులు గట్టిగా ఉంటాయి. చాలావాటిలో ర్యామ్, ఎస్.ఎస్.డి., బ్యాటరీ మార్చుకోవచ్చు. ఏ మరను ఎలా విప్పాలో చెప్పే పుస్తకాన్ని ఈ కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉంచుతాయి. చవకైన కొత్త యంత్రం పెట్టె విప్పినప్పుడు మెరుస్తుంది. రిపేరు వచ్చినప్పుడు మాత్రం 'బోర్డు మొత్తం మార్చాలి' అంటారు.

అయితే వాడినవాటిలో లోపాలూ ఉన్నాయి. బ్యాటరీ అరిగిపోయి ఉంటుంది. కంపెనీ వారంటీ అయిపోయి ఉంటుంది. దుకాణం ఇచ్చే వారంటీ కొద్ది నెలలే. అందుకని బ్యాటరీ మార్పుకు కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకుని బేరం చేయాలి.

ఇక్కడ తప్పనిసరిగా గుర్తుంచుకోవలసిన తేదీ ఒకటి ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తరువాతిది కావాలి. ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఏడో తరం, అంతకన్నా పాతవి ఆ జాబితాలో లేవు. కొందరు వ్యాపారులు పాత యంత్రాలలో అడ్డదారిన విండోస్ 11 వేసి అమ్ముతారు. అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. 'పీసీ హెల్త్ చెక్' అనే మైక్రోసాఫ్ట్ ఉచిత ప్రోగ్రాముతో దుకాణంలోనే చూసుకోవచ్చు. లినక్స్ వాడదలచుకున్నవారికి పాతది కూడా పరవాలేదు. ధర మాత్రం ఆ మేరకు తగ్గించి అడగాలి.

క్లుప్తంగా చెప్పాలంటే – డబ్బు తక్కువై, వెంట తెలిసిన సీనియర్ ఉంటే ఎనిమిదో తరం లేదా ఆ పైది, 8 జి.బి., 256 ఎస్.ఎస్.డి. ఉన్న రీఫర్బిష్డ్ యంత్రం గిట్టుబాటు. కొంచెం ఎక్కువ పెట్టగలిగి, నాలుగేళ్ళ కోర్సు ముందుండి, దుకాణం మీ ఊరికి దూరమైతే వారంటీ ఉన్న కొత్తదే మేలు. నాసిరకం కొత్తది మాత్రం ఈ రెండింటి కన్నా నష్టం.

దుకాణంలో అరగంట

వాడినది కొనేటప్పుడు డబ్బు చేతికి ఇవ్వకముందే ఈ పరీక్షలు చేయండి. మంచి వ్యాపారి కాదనడు. 'అంత టైము లేదు' అన్నాడంటే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

1. పూర్తిగా ఆపి, మళ్ళీ ఆన్ చేయండి. నిమిషంలోపు తెర సిద్ధం కావాలి. మొదట్లోనే ఏదైనా పాస్‌వర్డ్ అడిగితే అది బయోస్ తాళం. అలాంటిది కొనవద్దు.

2. యంత్రం అడుగున ఉన్న సీరియల్ నంబరు, బయోస్‌లో కనిపించే నంబరు ఒకటేనా చూడండి. తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే మోడల్ వివరాలు, వారంటీ ఎప్పటివరకు ఉందో తెలుస్తాయి.

3. బ్యాటరీ: కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాలలో 'పవర్‌సీఎఫ్‌జీ' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, దానికి ఆనించి 'బ్యాటరీరిపోర్ట్' అని కొట్టండి. ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి బలం, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటి బలం. 50కి 35 ఉంటే 70 శాతం మిగిలినట్లు. సగానికి తగ్గితే బ్యాటరీ మార్చి ఇమ్మనండి, లేదా ఆ ధర తగ్గించమనండి.

4. ఎస్.ఎస్.డి. ఆరోగ్యం: క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము మంచిదో, ప్రమాదంలో ఉందో చెబుతుంది.

5. తెర మీద పూర్తి తెలుపు, పూర్తి నలుపు బొమ్మలు పెట్టి చుక్కలు, గీతలు ఉన్నాయేమో చూడండి. తెరను నెమ్మదిగా ముందుకు వెనక్కు వంచండి. వంచినప్పుడు మినుకుమినుకుమంటే తీగ దెబ్బతిన్నట్లు.

6. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా నొక్కండి. ప్రతి యు.ఎస్.బి. రంధ్రంలో పెన్ డ్రైవ్ పెట్టి చూడండి. కెమెరా, మైకు, స్పీకరు, వై-ఫై పరీక్షించండి. మీ ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి పది నిమిషాలు వీడియో నడపండి. ఆ పది నిమిషాల్లో యంత్రం మరీ వేడెక్కినా, ఫాను గోల పెట్టినా అనుమానించాలి.

7. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూడండి. అసలు విండోస్ అయితే యాక్టివేట్ అయినట్లు చూపిస్తుంది.

8. బిల్లు తప్పనిసరి. దాని మీద మోడల్, సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో, దేనికి వర్తిస్తుందో రాయించుకోండి. బిల్లు లేని లాప్‌టాప్ ఎంత చవకైనా వద్దు. అది దొంగ సొత్తయితే యంత్రమూ పోతుంది, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగడమూ తప్పదు.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనవసరం లేదు

దొంగ కాపీలు వేయించుకుంటే వాటితో వైరస్‌లూ వస్తాయి. నిజాయితీగా ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి. వ్యాసాలకు, లెక్కల షీట్లకు, ప్రదర్శనలకు లిబ్రె ఆఫీస్ చాలు. టాలీకి విద్యార్థుల కోసం ఎడ్యుకేషనల్ మోడ్ ఉంది. అందులో కొన్ని తేదీల లావాదేవీలు మాత్రమే నమోదు చేయగలం. నేర్చుకోవడానికి అది సరిపోతుంది. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ అర్హులైన విద్యార్థులకు తన సాఫ్ట్‌వేర్లను ఉచితంగా ఇస్తుంది. మ్యాట్‌ల్యాబ్ బదులు సైల్యాబ్, ఆక్టేవ్ వాడుకోవచ్చు.

ఉబుంటు, లినక్స్ మింట్ వంటి లినక్స్ రకాలు పూర్తిగా ఉచితం. పాత యంత్రాలలో ఇవి తేలిగ్గా నడుస్తాయి. తెలుగులోనే కనిపించే లినక్స్ రూపాన్ని హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ చాలా ఏళ్ళ క్రితమే తయారుచేసింది. ఐ.ఐ.టి. బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వీటితో మొదలుపెట్టవచ్చు. ఎన్.పి.టి.ఇ.ఎల్. వీడియో పాఠాలను కాలేజీ వై-ఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకుంటే హాస్టల్‌లో డేటా ఖర్చు ఉండదు.

డబ్బు ఎక్కడి నుంచి?

లాప్‌టాప్ కోసం వడ్డీ వ్యాపారి గడప తొక్కవద్దు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెస్తే నెలకు 1,200, ఏడాదికి 14,400 రూపాయలు వడ్డీయే. అసలు అలాగే ఉంటుంది. రెండు రూపాయల వడ్డీ అయినా ఏడాదికి 9,600. ఆ వడ్డీ డబ్బుతో బ్యాటరీ, ర్యామ్ మార్చుకోవచ్చు.

'వడ్డీ లేని వాయిదాలు' అనే ప్రకటనలను కూడా జాగ్రత్తగా చదవాలి. ప్రాసెసింగ్ రుసుము ఎంత, ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు వాయిదాల్లో పోతుందా, ఒక నెల ఆలస్యమైతే జరిమానా ఎంత – ఈ మూడూ అడిగి, మొత్తం కట్టేది ఎంతో కాగితం మీద కూడండి. వాయిదా తప్పితే క్రెడిట్ రికార్డు దెబ్బతిని, రేపు విద్యారుణమో ఇంటి రుణమో అడిగినప్పుడు అడ్డు వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్యాంకుల సంఘం ఐ.బి.ఎ. రూపొందించిన ఆదర్శ విద్యారుణ పథకంలో, కోర్సు పూర్తిచేయడానికి అవసరమైతే కంప్యూటర్ ఖరీదును కూడా ఖర్చుల్లో చేర్చవచ్చు. విద్యారుణం తీసుకుంటున్నవారు దరఖాస్తు దశలోనే లాప్‌టాప్ కొటేషన్ జతచేసి బ్యాంకు మేనేజరు గారిని అడగండి. మంజూరు అయ్యాక అడిగితే కష్టం.

మోసాలు, మన హక్కులు

'ప్రధానమంత్రి ఉచిత లాప్‌టాప్ పథకం, వెంటనే ఈ లింకు నొక్కండి' వంటి సందేశాలు ప్రతి ఏటా ఫోన్లలో తిరుగుతాయి. ఇలాంటివి నకిలీవని కేంద్ర ప్రభుత్వ పి.ఐ.బి. ఫ్యాక్ట్ చెక్ విభాగం పలుమార్లు ప్రకటించింది. మన ఆధార్, బ్యాంకు వివరాలు, ఓ.టి.పి. కాజేయడమే వాటి పని. స్కాలర్‌షిప్ పడే ఖాతా నంబరు ఇలాంటి చోట ఇవ్వకండి. ఏ పథకమైనా ఉంటే సంక్షేమ శాఖ కార్యాలయంలోనో, వార్డెన్ గారి దగ్గరో తెలుస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

వారంటీ ఇచ్చి, తరువాత మాట మార్చిన దుకాణంపై జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫిర్యాదుకు రుసుము లేదు. చేతిలో బిల్లు ఉంటేనే ఇవన్నీ పనిచేస్తాయి. బిల్లు గురించి ఇంత గట్టిగా చెప్పడం అందుకే.

హాస్టల్‌లో జాగ్రత్తలు

పరుపు మీద, దుప్పటి మీద లాప్‌టాప్ పెట్టి వాడకూడదు. గాలి పోయే రంధ్రాలు మూసుకుపోయి వేడెక్కుతుంది. ట్రంకు పెట్టె మూత మంచి బల్ల. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నలుగురి చార్జర్లు, హీటరు కలిపి పెట్టకండి. కరెంటు పోయి వచ్చే సమయంలో చార్జరు తీసి ఉంచడం మంచిది. చార్జి 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే వాడుకోండి, బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే వెంటనే వాడటం ఆపేయండి.

స్నేహితులకు ఇవ్వక తప్పదు, ఇవ్వాలి కూడా. అయితే వారి కోసం విడిగా ఒక యూజర్ ఖాతా తెరవండి. మీ పాస్‌వర్డులు, ఫైళ్ళు భద్రంగా ఉంటాయి. ప్రాజెక్టు ఫైళ్ళను వారానికొకసారి పెన్ డ్రైవ్‌లోనో, గూగుల్ డ్రైవ్‌లోనో దాచుకోండి. యంత్రం పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు, ఆరు నెలల ప్రాజెక్టు పోతే చివరి పరీక్షకు సమయం ఉండదు. సీరియల్ నంబరు, బిల్లు ఫొటో ఇంట్లోవాళ్ళ ఫోనులో కూడా ఉంచండి. దొంగతనం జరిగితే ఫిర్యాదుకు అవే ఆధారం. గది నుంచి బయటికి వెళ్ళేటప్పుడు పెట్టెకు తాళం వేయడం మాత్రం పాత అలవాటే, కొత్తగా చెప్పనక్కర్లేదు.

పూర్వ విద్యార్థులకు ఒక మాట

ఇక్కడ చదువుకుని ఉద్యోగాలలో స్థిరపడిన అన్నలు, అక్కలు ఈ సంచికను చదువుతారు. మీ ఇంట్లో బీరువా పైన నాలుగేళ్ళుగా వాడని లాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని అమ్మితే మీకు వచ్చేది కొద్ది మొత్తమే. పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్.ఎస్.డి. వేసి, లినక్స్ ఎక్కించి, మీ సొంత ఫైళ్ళన్నీ పూర్తిగా చెరిపి హాస్టల్ గ్రంథాలయానికి ఇస్తే, ప్రతి ఏటా పది మంది దాని మీద మొదటిసారి టైపు చేయడం నేర్చుకుంటారు. ఆఫీసు యంత్రమైతే కంపెనీ అనుమతి తీసుకోవడం మరువకండి. వీలైతే ఒక ఆదివారం వచ్చి, కొనబోయే తమ్ముడి వెంటో చెల్లి వెంటో దుకాణానికి వెళ్ళండి. డబ్బు సాయం కన్నా అది ఎక్కువ విలువైనది. యంత్రాన్ని తిరగేసి చూసి 'ఇది వద్దు, పద' అనగలిగే మనిషి పక్కన ఉండటం మనలో చాలామందికి దొరకని అదృష్టం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! అవసరాన్ని కాగితం మీద రాసుకోండి. లోపలి భాగాలు చూడండి. అరగంట పరీక్షించండి. బిల్లు తీసుకోండి. వడ్డీకి తేకండి. ఈ అయిదు మాటలు గుర్తుంచుకుంటే, ఇంట్లోవాళ్ళు కష్టపడి కూడబెట్టిన ప్రతి రూపాయి మీ చదువుకు గిట్టుబాటవుతుంది.